బూడిద దిబ్బ ఎవరు పోశారు?

“ఇంత పేడ ఎత్తిందెవరు సార్?” అని అడిగాను. హాలంతా నవ్వింది.

ఆ మధ్య ఒక చరిత్ర సదస్సులో జరిగిన సంగతి ఇది. ఎక్కడో, ఎవరో చెప్పను. అలా నవ్వే హాళ్ళు మనకు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. వేదిక మీద ఒక పెద్దాయన దక్షిణ దక్కనులో నవీన శిలాయుగపు నివాసాల గురించి, ఆ కాలపు భూమి వినియోగం గురించి మాట్లాడుతున్నారు. తెర మీద ఉట్నూరు బూడిద దిబ్బ. “ఇక్కడి మానవుడు పశువుల్ని మచ్చిక చేసుకున్నాడు. దొడ్డి కట్టాడు. పేడ పోగు చేశాడు. తగలబెట్టాడు. గింజలు చల్లాడు. స్థిరపడ్డాడు.” గంటసేపు ఇదే వరస. ప్రశ్నల సమయం వచ్చింది. నేను లేచి అడిగాను. నవ్వు సద్దుమణిగాక ఆయన ప్రేమగానే అన్నారు: “మీది ఏ సబ్జెక్టమ్మా?” తెలుగు సాహిత్యమని చెప్పాను. “అదీ సంగతి. మీకు ఊహలు చెల్లుతాయి. మాకు ఆధారాలు కావాలి.”

ఆ రోజు ఇంటికొచ్చాక నన్ను బాధించింది ఆయన మాట కాదు, ఆ నవ్వు. గంటసేపు వాళ్ళు మాట్లాడింది పేడ గురించే. “గోమయ నిక్షేపాలు” అన్నంతసేపూ ఎవరికీ నవ్వు రాలేదు. దాన్ని ఎత్తే చేతుల మాట రాగానే నవ్వొచ్చింది. పేడ శాస్త్రానికి పనికొస్తుంది, పేడ చేతులు పనికిరావన్నమాట. ఈ వ్యాసం ఆ నవ్వుకు నా జవాబు.

మాది మానవపాడు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డ. నల్లరేగడి నేల. తెల్లవారుజామున అమ్మ తట్ట తీసుకుని పశువుల కొట్టంలోకి పోయేది. రాత్రి పడిన పేడంతా ఎత్తి, కొంత కల్లాపికీ అలుకుకూ తీసి, కొంత పిడకలు చరిచి, మిగిలింది పెంటదిబ్బకు మోసేది. వానాకాలం ముందు ఆ దిబ్బే ఎరువై బండ్లకెక్కి చేలకు పోయేది. బండి తోలేది నాయన. కాబట్టి మా ఊళ్ళో ఎరువు తోలింది ఎవరంటే మగవాళ్ళ పేర్లే చెబుతారు. ఏడాది పొడుగునా ఆ దిబ్బను పోసినవాళ్ళ పేరు ఎవరూ అడగరు. నేను పీహెచ్‌డీ చేశాను కాబట్టి నాకు అడగాలనిపించింది.

ముందు విషయం చెప్పాలి. బూడిద దిబ్బల గురించి మన సాహిత్య పత్రికల్లో పెద్దగా రాసినట్టు లేదు. బళ్ళారి, రాయచూరు, పాత మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో, కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల, ఇళ్ళంత ఎత్తున కాలిన బూడిద గుట్టలు ఉన్నాయి. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజులాగా, చిట్టెంలాగా గట్టిపడిపోయింది. జనం వాటిని రాక్షసుల చితాభస్మమన్నారు. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటంటారు. పండితులు తక్కువ తినలేదు. ఇనుము కరిగించిన చోట్లన్నవాళ్ళు కూడా ఉన్నారు. చివరికి అది పశువుల పేడ కాలిన బూడిదేనని పరీక్షల్లో తేలింది. ఇదే పేడను రోజూ ఎత్తి, పొయ్యిలో పెట్టి, ఆ బూడిదతో గిన్నెలు తోమిన ఆడవాళ్ళలో ఒక్కరినైనా పిలిచి అడిగారో లేదో నాకు తెలీదు. అడిగి ఉంటే ఇంత దూరం తిరిగే పని తప్పేదేమో!

1957లో రేమండ్ ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వారు. ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోది. తవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అచ్చు వేసింది. తాటి మొద్దులు పాతి కట్టిన దడి, ఆ దడి పదే పదే కాలిపోయి మళ్ళీ కట్టిన ఆనవాళ్ళు, బూడిదలో అచ్చుపడి మిగిలిన పశువుల గిట్టల గుర్తులు ఆయనకు కనిపించాయి. నాలుగు వేల ఏళ్ళు దాటిన గిట్టల గుర్తులు! 1963లో ఆయన రాసిన పుస్తకం ఈ జనాన్ని నవీన శిలాయుగపు పశుపాలకులుగా ప్రపంచానికి పరిచయం చేసింది. అది గొప్ప పని. దాని మీద నాకు గౌరవం ఉంది. 1990లలో పూనా దక్కన్ కళాశాలకు చెందిన కె. పద్దయ్య సురపురం ప్రాంతంలోని బూదిహాళ్‌ను విస్తృతంగా తవ్వి, దొడ్డి పక్కనే మనుషుల ఇళ్ళు, రాతి పనిముట్లు చెక్కిన చోటు, పశువుల్ని కోసిన చోటు ఉన్నాయని చూపించారు. దిబ్బ అంటే ఊరవతల చెత్త కాదు, ఊరే అని తేలింది. 2004లో పీటర్ జోహాన్సన్ మరో మాట అన్నారు: ఇవి యాదృచ్ఛికంగా పేరుకున్న కుప్పలు కావు, కావాలని పోగేసి, కాల్చి, తరతరాలు ఎత్తు పెంచుకుంటూ పోయిన కట్టడాలు అని.

కట్టడాలు అన్నారు కదా! మరి కట్టినవాళ్ళెవరు? ఏ పుస్తకం తీసినా జవాబు ఒకటే, “పశుపాలకులు”. ఆ మాట చదవగానే మన కళ్ళ ముందు కర్ర పట్టుకున్న ఒక మగవాడు నిలబడతాడు. నేను పరీక్షించి చూశాను. నా విద్యార్థుల్ని పశుపాలకుల బొమ్మ వేయమన్నాను. అమ్మాయిలు కూడా మీసాలు గీశారు.

ఇక్కడ నాకొచ్చే అభ్యంతరం నాకు తెలుసు. “నువ్వు మీ అమ్మను చూసి నాలుగు వేల ఏళ్ళ కిందటి స్త్రీని ఊహిస్తున్నావు. శ్రమ విభజన కాలాన్నిబట్టి మారుతుంది. ఇప్పటిది అప్పటికి అంటగట్టకూడదు.” నిజమే. ఒప్పుకుంటాను. కానీ పురావస్తు శాస్త్రం ఇన్నాళ్ళూ చేసిందేమిటి? ఆల్చిన్ తన దడులనూ దొడ్లనూ అర్థం చేసుకోవడానికి ఈనాటి పశుపాలకుల బతుకును చూశారు. దిబ్బల్ని ఎందుకు కాల్చారో తెలుసుకోవడానికి హోళీ, సంక్రాంతి లాంటి మంటల పండుగల్ని పోలికగా తెచ్చారు. ఈనాటి గొల్లవారి మంద, ఈనాటి భోగిమంట సాక్ష్యానికి పనికొచ్చాయి. ఈనాటి పేడతట్ట మాత్రం పనికిరాదు! మంద వెంట నడిచే మగవాడు కాలాన్ని దాటి నాలుగు వేల ఏళ్ళ వెనక్కి పోగలడు. కొట్టం ఊడ్చే ఆడది మాత్రం గడప దాటలేదు. పోలిక తేవడం తప్పయితే ఇద్దరినీ ఆపండి. ఒప్పయితే ఇద్దరినీ పోనివ్వండి. నేనడిగేది ఒకే నియమం. ఊహలకు రాయితీ ఇవ్వమని నేనడగలేదు. వాళ్ళ ఊహకు “ఆధారం” అనీ, నా ఊహకు “ఊహ” అనీ పేరుపెట్టడం మానమంటున్నాను.

నా సబ్జెక్టు సాహిత్యం కాబట్టి నాకు చేతనైన చోటి నుంచే చూస్తాను. భాష నుంచి. మన తెలుగులో ఒక విచిత్రం ఉంది. ఏకవచనంలో మగవాడికి ఒక క్రియ, మిగతా లోకానికంతా ఇంకో క్రియ. అతడు వచ్చాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది, కుండ పగిలింది. స్త్రీకి వ్యాకరణం చూపిన చోటు ఆవు పక్కన, కుండ పక్కన. ఇప్పుడు ఏ తెలుగు చరిత్ర పాఠాన్నైనా తెరవండి. “ఆదిమానవుడు నిప్పు కనుగొన్నాడు, పశువుల్ని మచ్చిక చేశాడు, వ్యవసాయం నేర్చాడు.” ఆ వెంటనే “కుండ దొరికింది, ఎముక దొరికింది, అమ్మతల్లి బొమ్మ దొరికింది.” చేసేవాడు డుకారంలో, దొరికేది నపుంసకంలో. ఈ వాక్యాల్లో స్త్రీ ఉందో లేదో చూడడానికి పరిశోధన అక్కర్లేదు, చెవి చాలు. ఇంగ్లీషులోని ‘మ్యాన్’ మీద పాశ్చాత్య స్త్రీవాదులు యాభై ఏళ్ళుగా పోట్లాడుతున్నారు. మనం ‘మానవుడు’ మీద ఎంత పోట్లాడాం? మా ఊరి పేరులోనే మానవ అన్న మాటుంది. అందులో డుకారం లేనందుకు నాకిప్పుడు కాస్త సంతోషంగా ఉంటుంది.

బహువచనం వాడొచ్చు కదా అంటారు. “వారు గింజలు చల్లారు” అంటే అందరూ వస్తారు. రావాలి నిజానికి. కానీ తొంభైతొమ్మిది డుకారాల మధ్య ఒక ‘వారు’ పెడితే చదివేవాళ్ళ మనసులో అదీ మగవాళ్ళ గుంపే అవుతుంది. అందుకే కొన్నాళ్ళపాటు ‘ఆమె’ అని గట్టిగా రాయాల్సిందే. ఆధారం ఇద్దరిలో ఎవరినీ తేల్చనప్పుడు ‘అతడు’ అని రాసే ధైర్యం మీకెక్కడిది అని అడగాల్సిందే.

ఇంతకీ స్త్రీ పురావస్తు గ్రంథాల్లో అసలే లేదా అంటే, ఉంది. దేవతగా ఉంది. మట్టిబొమ్మకు రొమ్ములుంటే చాలు, “మాతృదేవత” అని అట్ట మీద రాసి అద్దాల బీరువాలో పెడతారు. అంటే స్త్రీకి చరిత్రలో రెండే ఉద్యోగాలు, కనడం, పూజలందుకోవడం. కూలి పని లేదు, నైపుణ్యం లేదు, తెలివి లేదు. ఈ విషయంలో మన స్త్రీవాదుల్లో కొందరితో కూడా నాకు పేచీ ఉంది. మరియా గింబుటాస్ 1974 నుంచి రాసిన పుస్తకాలు చదివి, ఒకప్పుడు లోకమంతా అమ్మవారి రాజ్యమే, శాంతిగా ఉండేది, తర్వాత మగవాళ్ళు గుర్రాలెక్కి వచ్చి పాడుచేశారు అని నమ్మడం మనకు హాయిగా ఉంటుంది. బొమ్మలు దొరికినంత మాత్రాన అధికారం ఉన్నట్టు కాదు. జోగుళాంబ గుడికి కూతవేటు దూరంలో పెరిగిన నాకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మవారికి ఎంత వైభవం జరిగినా మా ఊరి ఆడవాళ్ళ కూలి పెరగలేదు. దేవతను వెతకడం ఆపి పనిమనిషిని వెతుకుదాం. దొరికే అవకాశం కూడా ఎక్కువ.

ఎలా వెతకాలి? దారులున్నాయి. డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య వంటివాళ్ళు బళ్ళారి దగ్గరి సంగనకల్లులో, కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం వంటి చోట్ల పాత పొరల మట్టిని నీళ్ళలో కలిపి, తేలిన మసిగింజల్ని ఏరి చూశారు. ఏం దొరికాయి? అండుకొర్రలు, కొర్ర జాతి చిరుగింజలు, ఉలవలు, పెసలు. దక్షిణాది రైతులు ఇక్కడి పంటల్ని ఇక్కడే సాగులోకి తెచ్చుకున్నారన్న వాదానికి ఇవే పునాది. నాలుగు వేల ఏళ్ళ కిందటి గుగ్గిళ్ళు మనవే! ఇప్పుడీ అండుకొర్రలు ‘సిరిధాన్యాలు’ అయిపోయాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. నగరాల్లో అందమైన సంచుల్లో అమ్ముతున్నారు. సంచి మీద ఆరోగ్యం గురించి రాసి ఉంటుంది. ఈ విత్తనాన్ని ఇన్ని తరాలు కుండల్లో, బూడిద కలిపి, పురుగు పట్టకుండా దాచిందెవరో రాసి ఉండదు. జహీరాబాద్ వైపు దళిత స్త్రీల సంఘాలు విత్తనాల్ని ఎలా దాచుకున్నాయో మనలో చాలామంది కళ్ళారా చూశాం. విత్తనానికి బూడిద పట్టించడం అనే చిన్న పనిలో బూడిద, గింజ, స్త్రీ చెయ్యి మూడూ ఉన్నాయి. దిబ్బ మీద ఇన్ని పుస్తకాలొచ్చాయి, ఈ మూడింటినీ కలిపి చూసిన అధ్యాయం ఒక్కటి నాకు దొరకలేదు.

గింజ తర్వాత రాయి. ఈ నివాసాలన్నిట్లో నూరుడు రాళ్ళు దొరుకుతాయి, గుంటపడి, అరిగి. చిరుగింజల పొట్టు తీసి పిండి చేయడానికి ఎంతసేపు పడుతుందో ఇసుర్రాయి ముందు కూర్చున్నవాళ్ళకు తెలుసు. రాయి అరుగుదలను కొలవొచ్చు. ఆ రాయి ముందు కూర్చున్న మనిషి ఎముకల్ని కూడా కొలవొచ్చు. యూరప్‌లో కొలిచారు. 2017లో అలిసన్ మాకింటోష్, ఆమె సహచరులు మధ్య యూరప్ నవీన శిలాయుగపు స్త్రీల భుజం ఎముకల్ని, కేంబ్రిడ్జిలో పడవ పందేలు చేసే నేటి క్రీడాకారిణుల భుజం ఎముకలతో పోల్చారు. ఏడు వేల ఏళ్ళ కిందటి ఆ రైతు స్త్రీల చేతులు ఈ పందెపు పిల్లల చేతులకంటే 11 నుంచి 16 శాతం బలంగా ఉన్నాయి. నేల తవ్వడం, కోయడం, గంటలకొద్దీ గింజలు నూరడం వల్ల వచ్చిన బలం అది అని వాళ్ళ అంచనా. అంతకుముందు ఇదెందుకు కనపడలేదు? స్త్రీల ఎముకల్ని మగవాళ్ళ ఎముకలతో పోల్చి చూసి, తక్కువ బలం, తక్కువ పని అనేసుకున్నారు. కొలమానం మగవాడిదైతే స్త్రీ ఎప్పుడూ తక్కువే తూగుతుంది. స్త్రీని స్త్రీతో పోల్చాలన్న చిన్న ఆలోచన రాగానే లెక్క మారిపోయింది.

ఇంకో సంగతి. స్వీడన్‌లో బిర్కా అనే చోట 1878లో ఒక సమాధి తవ్వారు. కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు. సహజంగానే యోధుడన్నారు. నూట ముప్పై ఏళ్ళకు పైగా ఆ అస్థిపంజరం మగవాడే. 2017లో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే స్త్రీ అని తేలింది. వెంటనే ఏమన్నారో తెలుసా? “ఆయుధాలున్నంత మాత్రాన యోధ అనలేం కదా” అన్నారు. మంచి ప్రశ్నే. నూట ముప్పై ఏళ్ళు ఆ ప్రశ్న ఎక్కడికి పోయింది? మగవాడనుకున్నంతసేపు ఆయుధమే ఆధారం. స్త్రీ అనగానే ఆధారానికి ఆధారం కావాలి. నన్ను సదస్సులో అడిగిందీ అదే కదా!

ఉత్తర యూరప్‌లోనే ఐర్లండ్‌లో మరో కథ ఉంది, అది నాకు చాలా ఇష్టం. మేయో తీరంలో 1930లలో ప్యాట్రిక్ కాల్ఫీల్డ్ అనే బడిపంతులు బురద నేలలో వంటచెరకుకు పీట్ గడ్డలు కోస్తుంటే లోపల రాళ్ళ వరసలు తగిలాయి. ఈ బురద పేరుకోకముందే ఎవరో వీటిని పేర్చి ఉండాలని ఆయనకు తోచింది. తర్వాత ఆయన కొడుకు షేమస్ పురావస్తు శాస్త్రవేత్త అయి ఆ వరసల వెంట వెతికితే అవి నవీన శిలాయుగపు పొలాల గోడలని తేలింది. మైళ్ళకొద్దీ పొలాలు, గట్లు. కేడ్ ఫీల్డ్స్ అని ఇప్పుడు ప్రపంచం వెళ్ళి చూస్తోంది. పొయ్యిలోకి ఇంధనం తెచ్చుకునే మనిషి కంటికి ఆ చరిత్ర ముందు దొరికింది. మన దగ్గర ఇంధనం తెచ్చేదెవరు? పిడక చరిచేదెవరు, కంపకొట్టేదెవరు, పాటిమన్ను తవ్వి ఇల్లు అలికేదెవరు? వాళ్ళకేం దొరికి ఉంటుందో అడిగే అలవాటు మనకు లేదు.

నేను అడిగాను. మా మేనత్త పెళ్ళయి వెళ్ళిన ఊరు శ్రీశైలం నీళ్ళలో పోయింది. ఆ రోజుల్లో నది ఒడ్డున జరిగిన ఒక తవ్వకంలో ఆమె రోజుకూలికి తట్టలు మోసింది. ఏ తవ్వకమో ఆమెకూ పేరు తెలీదు. “మునిగేముందర ఏందో తవ్విరి లేవే” అంటుంది. ఒకరోజు గుంటపడిన రాయొకటి బయటపడింది. పైన నిలబడ్డ పెద్దమనుషులు దాన్ని చూసి అదీ ఇదీ అనుకుంటున్నారట. మా అత్త తట్ట దించి, “అది నూరుకునే రాయి గద సామీ, ఇట్ల మోకాళ్ళ మీద కూసోని నూరేది, సూడు, నీ దిక్కు అరిగింది” అని కూర్చుని చూపించిందట. వాళ్ళు నవ్వారట. తర్వాత రాసుకున్నారట. “రాసుకుండ్రి పిల్లా, నా పేరు గాదు, రాయి కొలతలు” అంది.

ప్రపంచమంతా పురావస్తు తవ్వకాల్లో జరిగేది ఇదే. మన దగ్గర మట్టి తట్ట మోసేవాళ్ళలో సగానికి తక్కువ కాకుండా స్త్రీలే కనపడతారు, పాత ఫోటోలు చూడండి. చీరకొంగు నడుముకు చుట్టి, నెత్తిన తట్టతో, ఫోటో అంచున. మధ్యలో టోపీ పెట్టుకున్న దొర. కింద దొర పేరు. నవీన శిలాయుగంలో స్త్రీలు మట్టి మోశారనడానికి ఆధారం అడిగేవాళ్ళు, ఆ ఆధారాన్ని భూమిలోంచి పైకి తెచ్చినవాళ్ళే స్త్రీలన్న సంగతి కూడా నివేదికలో రాయలేదు. ఇలా రాయకపోవడం వల్లే ఆధారం లేకుండా పోతుంది. పోయాక ఆధారం లేదంటారు.

శ్రీశైలం మాటొచ్చింది కాబట్టి ఆగి చెప్పాలి. ఆ జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు, లక్ష మందికి పైగా మనుషులు చెదిరిపోయారు. 1981లో ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. ఆ పనికి పెట్టుకున్న పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. అదే సమయంలో పాపనాశి గుళ్ళనూ, కూడలి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయికీ అంకె వేసి, విప్పి, అలంపురంలో తిరిగి పేర్చారు. గుళ్ళను కాపాడినందుకు నాకు సంతోషమే. కానీ రాయికి అంకె వేయగలిగిన ప్రభుత్వం, అక్కడ భూమి దున్ని, కలుపు తీసి, పేడ మోసి బతికిన ఆడవాళ్ళకు ఏ అంకె వేసింది? పరిహారం పట్టాను బట్టి. పట్టా మగవాడి పేర. మా అత్త ఆ ఊరి నేల మీద ఇరవై ఏళ్ళు పని చేసింది. కాగితాల ప్రకారం ఆమె అక్కడ లేదు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, నాలుగు వేల ఏళ్ళ కిందటి పేడ కోసం నేనెందుకు ఇంత గొడవ పడుతున్నానో. ఈ నేలను మొదట సాగు చేసిందెవరు అన్న ప్రశ్నకూ, ఈ నేల ఎవరిది అన్న ప్రశ్నకూ మధ్య దూరం చాలా తక్కువ. “మానవుడు దున్నాడు” అన్న పాఠం చదివి పెరిగిన పిల్లవాడే తహశీల్దారు అవుతాడు, బ్యాంకు మేనేజరు అవుతాడు, అన్న అవుతాడు. రైతు అనగానే అతడికి తలపాగా కనపడుతుంది. కూతుళ్ళకు సమాన వాటా చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మా ఊళ్ళో వాటా అడిగిన ఆడపిల్లను ఇప్పటికీ పుట్టింటి గడప తొక్కనివ్వరు. 2018లో రైతుబంధు వచ్చినప్పుడు డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. పొలంలో ఉన్న మనిషి ఎవరని ఎవరూ చూడలేదు. పథకం పేరు రైతు భరోసాగా మారింది. పట్టాల మీది పేర్లు మారలేదు.

నడిగడ్డలో ఇవాళ్టి భూమి వినియోగం ఏమిటని అడిగితే పత్తి విత్తనం అని చెప్పాలి. గద్వాల చుట్టూ పత్తి విత్తనోత్పత్తి పెద్ద పరిశ్రమ. సాయంత్రం మొగ్గ చీల్చి పుప్పొడి తీసేయాలి, మర్నాడు పొద్దున మరో పువ్వు తెచ్చి అద్దాలి. పువ్వు పువ్వుకూ చెయ్యి. మావాళ్ళు దీన్ని క్రాసింగ్ అంటారు. వేళ్ళు చిన్నవైతే పని బాగవుతుందని బడి మాన్పించి ఆడపిల్లల్ని దించిన సంగతి 2000ల మొదట్లోనే లోకానికంతా తెలిసింది. నా తరగతి స్నేహితురాళ్ళు కొందరు అలా పోయి తిరిగి బడికి రాలేదు. ఈ పని మామూలు కూలి పని కాదు, మొక్కల్ని సంకరం చేసే పని. కాలేజీలో మగవాడు చేస్తే వృక్షశాస్త్రం. చేలో పన్నెండేళ్ళ పిల్ల చేస్తే క్రాసింగ్. ఇంకో నాలుగు వేల ఏళ్ళ తర్వాత ఎవరైనా మా నేల తవ్వితే పత్తి గింజలు దొరుకుతాయేమో. “ఇక్కడి మానవుడు సంకర విత్తనాన్ని కనుగొన్నాడు” అని రాస్తారా?

కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో నిలువురాళ్ళున్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఆకాశాన్ని చూసి కాలం లెక్కపెట్టిన రాళ్ళని పరిశోధకులు అంటున్నారు. గర్వంగానే ఉంది. ఆ రాళ్ళలో ఒకదాన్ని ఊరివాళ్ళు ఎల్లమ్మ అని కొలుస్తున్నారు. రేపు అక్కడొక బోర్డు పెడతారు. ఆ బోర్డు మీద వాక్యం ఎవరు రాస్తారన్నదే నా ప్రశ్న. “ఆదిమానవుడు ఖగోళాన్ని పరిశీలించాడు” అని ఒక డుకారం చెక్కేస్తే ఇంకో వందేళ్ళు ఎవరూ చెరపలేరు. కాబట్టి ఇప్పుడే అడగాలి.

సాహిత్యం వాళ్ళకు ఇందులో ఏం పని అన్న పెద్దాయనకు చివరగా ఒక మాట. మా నడిగడ్డలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారి ఊరు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు రాస్తే ఆయన ఊహతో జవాబివ్వలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. లేరు అన్నమాటకు జవాబు వెతకడం. స్త్రీల విషయంలో ఆ పని మనవాళ్ళు కొంత చేశారు. తెలంగాణ పోరాటంలో స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. సూసీ థారు, కె. లలిత రెండున్నర వేల ఏళ్ళ భారతీయ స్త్రీల రచనల్ని 1990లలో రెండు సంపుటాల్లో పెట్టారు. అంతకుముందు అవి లేవనే అన్నారు. అక్షరం ఉన్నచోట మనం వెతికాం. అక్షరం లేని చోట వెతకడం మిగిలింది. అక్కడ ఉన్నవి రాళ్ళు, గింజలు, బూడిద, ఎముకలు. మన అమ్మలు బాగా ఎరిగిన వస్తువులే.

అందుకని నా ప్రతిపాదనలు ఇవి. తవ్వకాల నివేదికల్లో తట్ట మోసినవాళ్ళ పేర్లు అచ్చు వేయాలి. గుంటపడిన రాయి దొరికితే నూరే స్త్రీని పిలిచి, ఆమె చెప్పింది ఆమె పేరుతోనే రాయాలి. పాఠ్యపుస్తకాల్లో ఆధారం లేని చోట డుకారం తీసేయాలి. పరిశోధక విద్యార్థినులు కవిత్వంలో స్త్రీ, నవలలో స్త్రీ అని నూట ఒకటో సిద్ధాంత గ్రంథం రాసేముందు ఒక్కసారి ఊరి పాటిదిబ్బ దాకా నడవాలి. దిబ్బలు ఎక్కువ కాలం ఉండవు. సంగనకల్లు గుట్టల్ని రాళ్ళ క్వారీలు తినేశాయి. మిగతా చోట్ల కొన్ని రోడ్లకూ, కొన్ని పొలాలకూ ఎరువై పోయాయి. పేడలోంచి వచ్చింది మళ్ళీ ఎరువై చేలోకి పోవడం న్యాయమే కావచ్చు గాని, రాయకుండా పోనివ్వడం న్యాయం కాదు.

మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు అమ్మకు ఉట్నూరు దిబ్బ ఫోటో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఎన్ని గొడ్లుంటే ఇంత అయితది? ఎందరు ఆడోళ్ళు మోసిండ్రో” అంది.

అమ్మ నాలుగో తరగతి దాకా చదువుకుంది. ఆమె మొదటి ప్రశ్న పశువుల లెక్క గురించి, రెండోది మనుషుల లెక్క గురించి. పురావస్తు శాస్త్రం మొదటి ప్రశ్నకు జవాబు వెతుకుతూ వస్తోంది. రెండోది ఇంకా ఎవరూ సరిగా అడగలేదు. సదస్సులో ఆ రోజు నేనడిగింది అదే.